పళ్ళ డాక్టరు గుండె పరీక్ష రాసిన రోజు

ఈ రోజు మా బాబుకు, వాళ్ళ నాన్నకు ఎకో పరీక్ష (గుండె స్కాన్) చేయించుకుని వచ్చాం.

వాడికి పాలపళ్ళు ఊడాక కొత్తవి సరిగా రాలేదు. వచ్చినవీ వేర్లు అరిగి కదిలిపోయాయి. "చాక్లెట్లు తినిపించి పాడుచేశావు" అన్నారు చుట్టాలు. నేనూ అదే నమ్మి ఎన్నో రాత్రులు కుమిలిపోయాను. ఒక పళ్ళ డాక్టరమ్మ మాత్రం వాడి చేతివేళ్ళు, నడక గమనించి ఎముకల ఎక్స్‌రే, గుండె పరీక్ష రాశారు. ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

వాడికున్న జబ్బు పేరు సింగిల్టన్-మెర్టెన్ సిండ్రోమ్. దీన్ని 1973లో తొలిసారి వర్ణించారు. ఐఎఫ్ఐహెచ్1 అనే జన్యువులోని మార్పు దీనికి కారణమని 2015లో తేలింది. ఒంట్లోకి వైరస్ వస్తే మోగాల్సిన హెచ్చరిక గంట లాంటిదట ఆ జన్యువు; ఈ మార్పు ఉంటే వైరస్ లేకున్నా మోగుతూనే ఉంటుంది. ఎముకలు గుల్లబారతాయి, బృహద్ధమనిలో (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళంలో), గుండె కవాటాల్లో కాల్షియం పేరుకుంటుంది. ఎముకలో ఉండాల్సింది వెళ్ళి గుండెలో చేరడమేమిటో, నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు.

తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలట. మా ఆయనలోనూ అదే మార్పు కనిపించింది. ముప్పై ఏళ్ళకే కట్టుడు పళ్ళు ఎందుకు పెట్టించుకోవాల్సి వచ్చిందో ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ రోజు ఆయన వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇద్దరి కవాటాలూ నిరుటిలాగే ఉన్నాయి. తిరిగి వస్తూ వాడు ఇడ్లీ అడిగాడు. రెండు ప్లేట్లు తిన్నాడు.