నలుగురి బల్ల

పాసింజరులో పిల్లకి పాఠం అప్పజెప్పించుకోవడం ఇవాళ నా వంతైంది. పోటీ పరీక్షల కోచింగుకి విజయనగరం వెళ్తోంది. నా ఆఫీసూ అక్కడే కాబట్టి పొందూరు నుంచి ఇద్దరికీ ఒకటే బండి. కిటికీ పక్క సీటు దొరకలేదని కాసేపు మూతి ముడుచుకుని, ఇంగ్లీషు నోటుబుక్కు నా ఒళ్లో పడేసింది. "నాన్నా, ఈ పేజీలోవి అడుగు" అంది. ఫ్రేజల్ వెర్బులట, అంటే క్రియకి ఇంకో చిన్న మాట తగిలించి చెప్పేవి. మాస్టారు అర్థాల వారీగా రాయించారు. ఆ పేజీ నిండా పక్కకి తప్పుకోవడమే.

స్టాండ్ అసైడ్, తోవకి అడ్డం లేకుండా నిలబడ్డం. పుల్ ఓవర్, బండిని రోడ్డు వారకి తీసి ఆపడం. మూవ్ ఓవర్, కూర్చున్నచోటే జరిగి ఇంకొకరికి చోటివ్వడం. గివ్ వే అడిగితే "కూలిపోవడం" అని ఠకీమని చెప్పింది. దారివ్వడం అన్న అర్థం కూడా పైనే రాసుంది కదే అంటే, "వంతెన గేవ్ వే అయిందని ఇస్తారు నాన్నా, పరీక్షలో పడేది అదే" అంది. పరీక్షలు పెట్టేవాళ్ల లోకంలో ఎవరూ ఎవరికీ దారివ్వరు కాబోలు.

పుల్ ఓవర్‌కి రాసుకున్న వాక్యం అంబులెన్సు మీద. దాని పక్కనే జనరల్ నాలెడ్జి కూడా ఇరికించింది: 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, అంబులెన్సుకి దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ఒక్క దెబ్బకి రెండు సబ్జెక్టులు. ఈ తెలివి నా నుంచి రాలేదు, వాళ్లమ్మది.

సిగడాంలో జనం ఎక్కారు. ముగ్గురి బల్ల మీద నలుగురం సర్దుకోవడం ఈ లైన్లో మామూలే. దానికో పద్ధతుంది. కిటికీ దగ్గరవాడు కదలడు, వాడికి గోడ అడ్డం. జరగాల్సింది మధ్యవాళ్లే. ముందు ఒళ్లోని సంచీ పైకి లేస్తుంది, తర్వాత మోకాళ్లు ఒక పక్కకి తిరుగుతాయి, ఆ మీదట నడుం జరుగుతుంది. ఇవాళ వంకాయల తట్టతో ఎక్కినావిడ తట్టని కాలితో బల్ల కిందకి తోసి, "కూసింత జరగండి బావూ" అంటూనే కూర్చుంది. ఆ మాట పూర్తయ్యేసరికి సగం మనిషి బల్ల మీదుంది. మిగతా సగానికి చోటు మేం చూడాలి, చూశాం. ఒకరు భుజం ముందుకి పెట్టారు, పక్కవాళ్లు వెనక్కి వాల్చారు. థాంక్స్ లేదు, సారీ లేదు. రెండు నిమిషాలకి ఆవిడ మా పిల్ల నోటుబుక్కులోకి తొంగి చూస్తూ "ఏటి సదూతన్నావే అమ్మీ?" అంది. నాలుగో మనిషి దాకా ఎవరూ కారణం అడగరు. ఐదో మనిషికి మాత్రం చంకలో బిడ్డైనా ఉండాలి, నెత్తి నెరిసైనా ఉండాలి.

చీపురుపల్లిలో మమ్మల్ని లూప్ లైన్లో, అంటే మెయిన్ లైను పక్కనుండే పట్టాల మీద పెట్టారు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోంది. "మన బండి పుల్ ఓవర్ చేసినట్టేనా?" అని పిల్ల అడిగింది. రైలుకి స్టీరింగు ఉండదు కదమ్మా, డ్రైవరు అనుకుంటే పక్కకి పోదు, కింద పట్టాల దారి మార్చే పాయింట్లు తిప్పితేనే లూప్‌లోకి వస్తుంది అన్నాను. పాసింజరు ఎక్స్‌ప్రెస్‌కి తప్పుకుంటుంది. ప్రమాదం జరిగినచోటికి డాక్టర్లని తీసుకెళ్లే రిలీఫ్ రైలు వస్తే ఆ ఎక్స్‌ప్రెస్ కూడా తప్పుకోవాల్సిందే. ఇది వినగానే పిల్ల పెన్ను తీసింది. ఇంతలో ఎక్స్‌ప్రెస్ రానే వచ్చింది, మా పెట్టె ఒక్క ఊపు ఊగింది, తట్టలోంచి రెండు వంకాయలు దొర్లాయి. అది ముందుకెళ్లి, మాకు సిగ్నల్ పడేదాకా వంకాయల ధర మీద చర్చ నడిచింది.

సాయంత్రం బండి బాగా ఖాళీ. మా పెట్టెలో ఒకాయన బల్లంతా పరుచుకుని పడుకున్నాడు. ఎదుటి బల్ల మీదా అంతే, ఇంకో మనిషి. పొద్దున ఊపిరాడని చోట అంత సులువుగా జరిగినవాళ్లం, ఇప్పుడు ఈయన్ని లేపడానికి మొహమాటపడ్డాం. పిల్లే చొరవ చేసింది. "తాతా, కాస్త లెగండి." ఆయన కళ్లు తెరవలేదు. కాళ్లు మాత్రం ముడుచుకున్నాడు. ఆ కాళ్లు ఖాళీ చేసిన మూల మీద నేను కూర్చున్నాను, పిల్ల కిటికీ కోసం పక్క వరస బల్లల్లోకి వెళ్లిపోయింది. నెల్లిమర్ల దాటకముందే ఆయన కాళ్లు మళ్లీ చాపేశాడు. నోటుబుక్కులో ఉన్నవేవీ ఆ కాళ్ల మీద పనిచేసేవి కావు. లేచి పిల్ల దగ్గరికి వెళ్లి, "జరుగమ్మా" అన్నాను. పక్కంతా ఖాళీయే ఉంది కదా, అక్కడ కూర్చో నాన్నా అంది.