ఎంబ్లెక్స్‌కి బాడీ మెకానిక్స్: కూర్చుని కాదు, టేబుల్ దగ్గర నిలబడి చదవండి

టెక్సస్‌లో మసాజ్ థెరపీ లైసెన్స్ కోసం 500 గంటల కోర్సు చేస్తూ ఎంబ్లెక్స్‌కి (MBLEx, ఆ లైసెన్స్ కోసం రాసే పరీక్ష) చదువుతున్న మనవాళ్ళు ముందుగా అడిగేది, "కండరాల పేర్లన్నీ బట్టీ పట్టాలా?" అని. కొన్ని పట్టక తప్పదు. కానీ ఒకసారి సిలబస్ చూడండి. అనాటమీ, ఫిజియాలజీ కలిపి 11 శాతమే. క్లయింట్ అసెస్‌మెంట్ 17, ఎథిక్స్ 16, టెక్నిక్‌ల ప్రభావాలు 15, వృత్తి నిర్వహణ నియమాలు ఇంకో 15. బాడీ మెకానిక్స్, అంటే మసాజ్ చేసేటప్పుడు మన ఒంటికి దెబ్బ తగలకుండా నిలబడే తీరు, బరువు వాడే తీరు, వచ్చేది ఈ చివరి దాంట్లోనే. ఎంసెట్ నాటి అలవాటు కొద్దీ మనం అనాటమీ మీద పడి, దీన్ని "కామన్ సెన్సే కదా" అని పక్కన పెట్టేస్తాం.

నేను ఈ భాగాన్ని ప్రాక్టీస్ టేబుల్ దగ్గరే చదివాను. ప్రతి స్ట్రోక్‌కీ "బరువు ఎక్కడి నుంచి వస్తోంది?" అని చూసుకునేదాన్ని. ఎఫ్లరాజ్ (అరచేతులతో నిమురుతూ జార్చడం) లాంటి పొడవాటి స్ట్రోక్‌కి ఒక పాదం ముందు, ఒకటి వెనక. వెనక కాలి మీది బరువు మెల్లగా ముందు కాలి మీదికి వస్తుంటే చేతులు వాటంతట అవే జారతాయి. పెట్రిసాజ్ (పిసకడం), టపోట్‌మెంట్ (తట్టడం) లాంటివి ఒకేచోట చేస్తాం కాబట్టి రెండు పాదాలూ టేబుల్ వైపే, ఎడంగా, మోకాళ్ళు కాస్త సడలించి. మొదటిదాన్ని ఆర్చర్ అనీ బో అనీ, రెండోదాన్ని హార్స్ అనీ వారియర్ అనీ రకరకాలుగా రాస్తారు. పేర్లతో కుస్తీ పట్టకండి, పాదాలు గుర్తుంటే చాలు.

లోతుగా ఒత్తాల్సి వస్తే భుజం, మోచేయి, మణికట్టు ఒక వరుసలో ఉంచి శరీరాన్ని వాల్చాలి, కండబలంతో తోయకూడదు. టేబుల్ పక్కన నిలబడి చేతులు వదిలేస్తే వేళ్ళ కణుపులు టేబుల్‌కి తగలాలి, మామూలు ఎత్తు అది. డీప్ టిష్యూకి, అంటే లోతైన కండరాల మీద చేసే మసాజ్‌కి, ఇంకాస్త దించుకోవాలి, లేకపోతే భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఇక బొటనవేలు. తలంటు నుంచి కాళ్ళు పట్టడం దాకా మన ఇళ్ళలో అన్నీ దాంతోనే కానిస్తాం. ఆ అలవాటు ముందు పోవాలి. ముంజేయి, మోచేయి, పిడికిలి ఉండగా ఆ చిన్న కీలు మీద అంత భారం ఎందుకు?

ప్రశ్నలు తిప్పి అడుగుతారు. "థెరపిస్ట్‌కి మణికట్టు నొప్పి మొదలైంది, ముందుగా ఏం చేయాలి?" అంటే, నొప్పి మాత్ర వేసుకుని కొనసాగించడం జవాబు కాదు. టేబుల్ ఎత్తు, నిలబడే తీరు, వాడుతున్న టెక్నిక్ సరిచూసుకోవడం. "ముందుగా", "అన్నిటికన్నా ఉత్తమం" అనే మాటల దగ్గర ఆగి ఆప్షన్లు మళ్ళీ చదవండి.

మోకాలి వెనక గుంట, మెడ ముందు భాగం, చంక, గజ్జల దగ్గర ఒత్తిడి ఎందుకు పెట్టకూడదో కారణంతో సహా తెలిసుండాలి. కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందన్న అనుమానం వస్తే మసాజ్ ఆపి డాక్టర్ దగ్గరికి పంపడమే.

వంద ప్రశ్నలకి 110 నిమిషాలు. మన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారే అడాప్టివ్ పరీక్ష కాబట్టి వదిలేసి ముందుకెళ్ళడం, వెనక్కొచ్చి మార్చడం రెండూ కుదరవు. మాక్ టెస్టులు కూడా అలాగే రాయండి. తప్పితే మళ్ళీ రాయడానికి 30 రోజులు ఆగాలి, ఫీజు కూడా మళ్ళీ కట్టాలి. టెక్సస్ చట్టాల మీద పరీక్ష వేరే ఉంటుంది, దాన్ని ఇందులో కలిపి చదవకండి.