నెత్తురు కనిపిస్తే నిజమైపోతుందా?

యుద్ధ చిత్రం చూసి బయటికి వస్తూ "అచ్చం యుద్ధంలో ఉన్నట్టే ఉంది" అనడం మనలో చాలామందికి అలవాటు. నేనూ ఎన్నోసార్లు అన్నాను. యుద్ధభూమి మొహమైనా ఎరుగని నేను, అది యుద్ధంలాగే ఉందని దేనితో పోల్చి చెప్పానన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది. నిజం చెప్పాలంటే నేను పోల్చినది అంతకుముందు చూసిన ఇంకో యుద్ధ చిత్రంతోనే. దానికంటే దీనిలో నెత్తురు ఎక్కువగా ఉంది కాబట్టి ఇది ఎక్కువ నిజం అనుకున్నాను.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1998లో తీసిన 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్'లో ఒమాహా తీరం ఘట్టాన్ని ఈమధ్య వరుసగా రెండుసార్లు చూశాను. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో జర్మన్ సేనల మీద అమెరికా సైనికులు చేసిన దాడి అది. తెర మీద 20 నిమిషాలకు పైగా నడుస్తుంది. మొదటిసారి మామూలుగా చూసి, రెండోసారి శబ్దాన్ని పూర్తిగా తీసేశాను. దృశ్యాలన్నీ అవే. చెయ్యి తెగిపోయిన సైనికుడొకడు అటూ ఇటూ వెతికి, ఇసుకలో పడి ఉన్న తన చేతిని రెండో చేత్తో తీసుకుని, ఏదో వస్తువు మరిచిపోయి వెనక్కి వచ్చినవాడిలా నడిచి వెళ్ళిపోతాడు. మొదటిసారి ఊపిరి బిగబట్టి చూసిన ఆ క్షణాన్ని రెండోసారి కుర్చీలో వెనక్కి వాలి, ఇది ఎలా తీసి ఉంటారా అని ఆలోచిస్తూ చూశాను. అవయవాలు కోల్పోయినవారినే కొందరిని ఆ ఘట్టంలో నటింపజేశారన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. అంటే నన్ను భయపెట్టినది గాయం కాదన్నమాట. తూటాలు పడవ రేకుకు తగిలే చప్పుడు, నీటిలో మునిగినప్పుడు ఒక్కసారిగా అంతా మూగబోవడం, పైకి తేలగానే మళ్ళీ విరుచుకుపడే హోరు, ఇవీ నన్ను వణికించినవి. పోరు సాగుతున్నంతసేపూ నేపథ్య సంగీతం లేకపోవడం వల్ల ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు ఏడవాలో చెప్పే దిక్కు కూడా ప్రేక్షకుడికి ఉండదు.

ఆ ఘట్టపు దృశ్యశైలి గురించి కూడా ఒక మాట చెప్పాలి. సినిమా కెమెరాలో షట్టర్, అంటే ఫిల్ము మీద వెలుతురును పడనిస్తూ ఆపుతూ తిరిగే పళ్ళెం, సాధారణంగా 180 డిగ్రీల మేర తెరుచుకుంటుంది. సెకనుకు 24 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేము మీద సెకనులో 48వ వంతు సేపు వెలుతురు పడుతుంది. ఆ కాస్త సేపట్లో కదిలే వస్తువు కొద్దిగా చెదిరిపోతుంది, ఆ చెదురే మన కంటికి కదలికను నునుపుగా చూపిస్తుంది. ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ ఆ కోణాన్ని 90, 45 డిగ్రీలకు కుదించడంతో పేలుడుకు ఎగిసిన మట్టి మసకగా కాక రేణువు రేణువుగా, తెగితెగి కనిపించింది. అది అద్భుతమైన పనితనమనడంలో నాకు సందేహం లేదు. కాని మనిషి కన్ను లోకాన్ని అలా చూడదు. ఎంతో లెక్క వేసుకుని తయారుచేసిన ఆ అదురును మనం 'వాస్తవికత' అని పిలిచాం, తరువాతి చిత్రాలు దాన్ని ధారాళంగా అరువు తెచ్చుకున్నాయి, ఇప్పుడు కెమెరా వణికితే చాలు యుద్ధం నిజమైపోయిందని నమ్మే స్థితికి వచ్చాం.

ఈ నమ్మకం కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర పోరు ఇంకా సాగుతుండగానే, 1916 ఆగస్టులో 'ది బ్యాటిల్ ఆఫ్ ది సోమ్' అనే బ్రిటిష్ డాక్యుమెంటరీ లండన్‌లో విడుదలైంది. సైనికులు కందకం నుంచి పైకి ఎక్కడం, వారిలో ఇద్దరు ముగ్గురు కూలిపోవడం చూసి జనం చలించిపోయారు. ఆ ముక్కను యుద్ధరంగానికి దూరంగా శిక్షణా స్థలంలో నటింపజేసి తీశారని తరువాతి పరిశోధకులు తేల్చారు. అదే చిత్రంలో మరొకచోట, గాయపడిన సహచరుణ్ణి వీపు మీద వేసుకుని ఒక సైనికుడు కందకం వెంబడి కెమెరా వైపు నడిచి వస్తాడు. కందకం చేరిన 30 నిమిషాలకు ఆ క్షతగాత్రుడు చనిపోయాడని తెర మీద అక్షరాలు చెబుతాయి. అక్కడ నెత్తురు దాదాపు కనిపించదు. కూలిపోయేవాళ్ళ నటనను ఒకసారి చూసి వదిలేశాను. ఈ ముక్క దగ్గర మాత్రం ఆగిపోయాను. మోస్తున్నవాడి చూపు నేరుగా మనవైపే ఉంటుంది మరి.

నా దృష్టిలో క్రౌర్యాన్ని అన్నిటికంటే నిజాయితీగా పట్టుకున్నది సోవియట్ దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్ 1985లో తీసిన 'కమ్ అండ్ సీ'. 1943లో నాజీ జర్మనీ ఆక్రమణలో ఉన్న బెలారుస్ కథ. ఫ్లియోరా అనే కుర్రవాడు బాంబుదాడిలో చెవులు దిబ్బడలు పడి, గ్లాషా అనే అమ్మాయితో కలిసి తన ఇంటికి వస్తాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. పొయ్యిలో కుండ ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇద్దరూ కూర్చుని ఆ సూప్ తింటారు. నేల మీద చెల్లెళ్ళ బొమ్మలు పడి ఉంటాయి, ఈగలు ముసురుతుంటాయి. ఈగల రొద మరీ ఎక్కువగా ఉందేమిటని మనకు అనుమానం వచ్చేసరికి, అందరూ చిత్తడినేల అవతలి దీవికి వెళ్ళి ఉంటారని కుర్రవాడు పరుగెత్తుతాడు. వెనకాలే పరుగెత్తుతున్న గ్లాషా ఒక్కసారి తల తిప్పి చూస్తుంది. ఇంటి వెనక గోడకు ఆనించినట్టు శవాల కుప్ప. అది తెర మీద ఉండేది రెండు మూడు క్షణాలే. కుర్రవాడు చూడడు, ఆమె వెంటనే చెప్పదు, కెమెరా తిరిగి అటు వెళ్ళదు. ఆ తరువాత అతను బురదలో పడుతూ లేస్తూ సాగుతుంటే, అతనికి తెలియనిది మనకు తెలుసు. నేను ఆ చిత్రాన్ని ఆపి, నీళ్ళు తాగి వచ్చి, మిగతాది మరునాడు చూశాను.

ఆ చిత్రీకరణలో నిజమైన తూటాలు కూడా వాడారని చెబుతారు, దాన్ని వాస్తవికతకు తిరుగులేని రుజువుగా మెచ్చుకునేవారూ ఉన్నారు. 14 ఏళ్ళ వయసులో ఆ పాత్రకు ఎంపికైన అలెక్సీ క్రావ్‌చెంకోను తలుచుకుంటే నాకు ఆ మెచ్చుకోలు మింగుడుపడదు. తల మీదుగా పోయే తూటా అసలుదైనా ఉత్తదైనా చూసేవాడికి తేడా తెలియదు. తెలిసేది ఆ పిల్లవాడి మొహంలో పడే ముడతల వల్లనే. బెలారుస్‌లో 628 గ్రామాలను మనుషులతో సహా తగలబెట్టారని చివరన చిత్రం చెప్పేసరికి, ఆ సంఖ్యకు మన మనసులో అప్పటికే ఆ మొహం ఏర్పడి ఉంటుంది.

దీనికి పూర్తి విరుద్ధం 2016లో వచ్చిన 'హాక్సా రిడ్జ్'. రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం ముట్టకుండా జపాన్ దీవి ఒకినావాలో సుమారు 75 మందిని కాపాడిన అమెరికా సైనిక వైద్య సహాయకుడు డెస్మండ్ డాస్ నిజజీవిత కథ అది. అటువంటి మనిషి కథలో ఒక సైనికుడు సగం తెగిన శవాన్ని డాలులా పట్టుకుని కాల్పులు జరుపుతూ ముందుకు ఉరుకుతాడు. నెత్తురుకు ఏ లోటూ లేదు. కానీ ఆ క్షణంలో నాకు కలిగినది హుషారు, ఆ వెంటనే ఆ హుషారు మీద సిగ్గు.

అధికారంలో ఉన్నవారు భయపడేది కూడా నెత్తురుకు కాదేమో. 1946లో హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ అమెరికా సైన్యం కోసమే 'లెట్ దేర్ బి లైట్' అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో పేలుళ్ళు లేవు, గాయాలు లేవు. యుద్ధం నుంచి తిరిగి వచ్చి, ఒళ్ళంతా బాగానే ఉన్నా నడవలేని, మాట్లాడలేని, వణుకు ఆగని సైనికులు ఆసుపత్రి గదుల్లో వైద్యులతో మాట్లాడుతుంటారు. రోగుల ఆంతరంగికతను కారణంగా చూపి సైన్యం ఆ చిత్రాన్ని 30 ఏళ్ళకు పైగా జనానికి చూపనివ్వలేదు. అందులో నత్తితో నోట మాట రాని యువకుడొకడు చికిత్స మధ్యలో, నేను మాట్లాడగలుగుతున్నాను, వినండి అని అరుస్తాడు. ఒమాహా తీరం ఘట్టానికి చేసినట్టే దీనికీ ఒకసారి శబ్దం తీసేసి చూద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.