సొరకు దండాలు, గబ్బిలానికి గొడ్డలి

మా అపార్ట్‌మెంట్ గ్రూపు సంగతి మీకు తెలిసిందే. మధ్యాహ్నం సెక్రటరీగారు ఒక పాత వీడియో పంపారు. విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకొచ్చిన వేల్ షార్క్‌ని, అంటే భారీ సొరచేపని, మళ్లీ సముద్రంలోకి పంపిన వీడియో. గ్రూపంతా దండాల బొమ్మలు. గంట తిరక్కుండానే ఆయనే మళ్లీ: "వెనకాల రావిచెట్టు మీద గబ్బిలాలు చేరాయి. అశుభం. కొమ్మలు కొట్టించేద్దాం." దానికీ అవే దండాలు!

అప్పట్నుంచి ఒళ్లు మండుతోంది. ఆ సొర తినేది నీళ్లలో తేలే నలుసంత జీవాలని. ఈ గబ్బిలం తినేది పండ్లు, పూల తేనె. రెండూ మన జోలికి రావు. అయినా వేల్ షార్క్‌కి 2001లోనే వన్యప్రాణుల రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ, దక్కింది. పెద్ద గబ్బిలాన్నేమో 2022 సవరణ దాకా ఎలుకలు, కాకులతో కలిపి హానికర జీవాల జాబితాలోనే ఉంచారు. 1995లో తైవాన్‌లో దొరికిన ఒక ఆడ వేల్ షార్క్ కడుపులో 300 పిల్లలున్నాయట. గబ్బిలానికి ఏడాదికి ఒక్కటే పిల్ల. ఎవరిని జాగ్రత్తగా చూసుకోవాలి?

అమ్మమ్మగారి ఊళ్లో చెరువుగట్టు మర్రి నిండా ఇవే. మే నెల ఎండకి తలకిందులుగా వేలాడుతూ విసనకర్రల్లా రెక్కలు ఊపుకునేవి. చీకటి పడుతుంటే ఒక్కొక్కటే చెరువు మీదికి దిగి, పొట్ట తడుపుకుని లేచిపోయేవి. తర్వాత కొమ్మకి వేలాడి ఆ తడి నాక్కునేవి. నీళ్లు తాగడం అలాగే మరి. అమ్మమ్మ బిందె పక్కన పెట్టి నాతోపాటు చూసేది. ఇంటికెళ్లాక ఆలస్యమైందని తాతయ్య చేత తిట్లు తినేది కూడా ఆవిడే.

ఇంతా రాశాక సెక్రటరీగారి తెల్ల కారు గుర్తొచ్చింది. పాపం, రోజూ పొద్దున్నే దాని నిండా రెట్టలు, నమిలి ఊసిన పిప్పి. కేరళలో 2018లో ప్రాణాలు తీసే నిపా జబ్బు వచ్చినప్పుడు ఈ జాతి గబ్బిలాల్లోనే వైరస్ కనిపించింది. చిన్నది కిందపడ్డ ఎంగిలి జామకాయ పట్టుకొస్తే గావుకేక పెట్టింది నేనే కదా! ఆ వేల్ షార్క్ మా సెల్లార్‌లో పడుకుని ఉంటే నేను మాత్రం దండం పెట్టేదాన్నా? అనుమానమే.

ఆదివారం మీటింగ్‌లో కారుని ఇటు పక్కకి మార్చుకోమంటాను. మా స్లాట్ ఇచ్చేస్తే సరి. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. అశుభం అన్నందుకు మాత్రం ఊరుకోను. గబ్బిలం తిని వదిలిన గింజలతోనే ఊళ్లో సగం రావిచెట్లు మొలుస్తాయి. శనివారం శనివారం ఆ చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేసేది వాళ్లావిడగారే.