వెండి తీగ వెంట ఎలగందుల దాకా

మా తాతకు తాత కరీంనగర్ దగ్గరి ఎలగందులలో వెండి తీగ పని పట్టిన తొలితరం వారిలో ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన చేతి పనిగా మాకు మిగిలింది అరచేతిలో ఇమిడే అత్తరు పెట్టె ఒక్కటే. మొన్న మాఘమాసంలో దానిని నూలుగుడ్డలో చుట్టుకొని హనుమకొండలో కరీంనగర్ బస్సెక్కాను.

ముందు ఎలగందులకే వెళ్లాను. మానేటి ఒడ్డున గుట్ట మీది కోటను, 1754లో జఫరుద్దౌలా కట్టించిన దోమినార్ అనే జంట మినార్ల కట్టడాన్ని చూసి, ఊరి వీధుల్లో చాలాసేపు తిరిగాను. మా ఇల్లు ఎక్కడుండేదో చెప్పగలిగినవారు ఎవరూ కనబడలేదు. 1905లో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. ఈ పనివారూ క్రమంగా కరీంనగర్‌లోనే స్థిరపడ్డారు. మా వాళ్లు మాత్రం వరంగల్ చేరి కులవృత్తి వదిలేశారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

సాయంత్రం కరీంనగర్‌లో ఒక పెద్దాయన పనిచేసే చోట కూర్చున్నాను. వెండి కడ్డీని కమ్మచ్చు అనే చిల్లుల పలక రంధ్రాల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా లాగి వెంట్రుకంత సన్నం చేయడం, రెండు పోగులను కలిపి మెలివేసి అణచడం, ఆ తీగను శ్రావణం అనే చిన్న పట్టుకారుతో ఆకులుగా, సుడులుగా వంచి లావుపాటి తీగ చట్రంలో కూర్చడం, పైన వెలిగారమూ టంకపు పొడీ చల్లి మంట చూపడం, చివరకు కుంకుడు రసంతో తోమడం వరుసగా చూపించారు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో చేతికి బదులు యంత్రం చేసేది చాలా తక్కువ.

తర్వాత నా మూట విప్పాను. ఆయన అద్దం పెట్టుకొని పెట్టె మూతను చాలాసేపు తిప్పి చూశారు. తీగ వెడల్పు అంతటా ఒక్కతీరుగా లేదనీ, అంటే మరలో వేయకుండా సుత్తితోనే అణిచారనీ చెప్పారు. ఆ తర్వాత ఒక ఆకులోని సుడిని వేలితో చూపించి, “ఇది మేం తిప్పే దిక్కు కాదు. మీ తాతది పుర్రచెయ్యి వాటం బిడ్డా,” అన్నారు.

మా తాతకు తాత గురించి పేరు తప్ప ఏమీ తెలియని నాకు ఆ ముక్క చాలా పెద్దది. మా నాయనదీ ఎడమచేతి వాటమేనని చెబితే, పెద్దాయన నవ్వి పెట్టెను కుంకుడు నీళ్లలో వేశారు. నలుపు కొద్దికొద్దిగా వదులుతుంటే మూత మీద ఇంకో నాలుగు సుడులు బయటపడ్డాయి. అన్నీ అటువైపే తిరిగి ఉన్నాయి.