బోరు పోయిందన్నారు, తీరా చూస్తే వాల్వు

బండి పికప్ తగ్గి కాస్త పొగ కనిపించిందంటే చాలు, "బోరు పోయింది, ఇంజిన్ దించాల" అనే మాట మా కడపలో ఏ షెడ్డుకి పోయినా వినిపిస్తుంది. బోరు అంటే ఇంజిన్‌లో పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అది అరిగిపోతే బోరు పోయిందంటారు. నిజంగానే బోరు పోయిన బండ్లు ఉంటాయి, కాదనను. కానీ ఆ మాట చెప్పే ముందు చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. అవి చేయించుకున్నందుకే నాకు పెద్ద ఖర్చు తప్పింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది 150 సీసీ బండి, కార్బొరేటర్ ఉన్న పాత మోడల్, ఒకే సిలిండర్‌కి రెండు ప్లగ్గులు ఉండే రకం. 68,000 కిలోమీటర్లు దాటింది. పని మీద రాయచోటికి తరచుగా పోవాలి, అంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కక తప్పదు. ఇంతకుముందు నాలుగో గేరులో ఎక్కే చోట మూడుకి, తర్వాత రెండుకి దించాల్సి వచ్చింది, వెనకాల మనిషి ఉంటే ఇంకా కష్టం. దానికి తోడు ఇంకో లక్షణం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే స్టార్టయ్యే బండి, ఘాట్ ఎక్కి పాలకోవా అంగడి దగ్గర ఆపి మళ్లీ తీద్దామంటే మాత్రం ఎంత కొట్టినా పట్టుకునేది కాదు, ఇంజిన్ కాస్త చల్లారితే గానీ కదిలేది కాదు. ఈ రెండో లక్షణాన్ని గుర్తు పెట్టుకోండి, అసలు సంగతి అందులోనే ఉంది.

మొదట చూపించిన షెడ్డులో మెకానిక్ సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, రెండు సార్లు రేజ్ చేసి, "బోరు పోయింది సార్, బ్లాకు పిస్టన్ కిట్టు ఎయ్యాల, ఎట్లా ఇంజిన్ దించుతాం కాబట్టి టైమింగ్ చైను, క్లచ్ ప్లేట్లు కూడా మార్చుకుంటే మంచిది" అన్నాడు. అన్నీ కలిపి 14,000 అవుతుందని చెప్పాడు. "ఏం చూసి బోరు అంటున్నావన్నా?" అని అడిగితే, "పొగ వస్తాండాది కదా సార్" అని మాత్రమే చెప్పాడు. ఆ రాత్రంతా టెన్షనే. ఆ బండికి ఇప్పుడు అమ్మితే వచ్చే ధరలో దాదాపు సగం అది.

పొగ సంగతి ముందు చెప్తాను. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువగా పోతోందని, అది కార్బొరేటర్, ఎయిర్ ఫిల్టర్ వైపు గొడవ. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని. అయితే ఆ ఆయిల్ లోపలికి రావడానికి రెండు దారులు ఉన్నాయి. కింద నుంచి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాటుకుని రావచ్చు, పైన హెడ్డులోంచి, అంటే వాల్వులు ఉండే ఇంజిన్ పై భాగంలోంచి, వాల్వు సీళ్లు దాటుకుని దిగవచ్చు. పొగ ఎప్పుడు వస్తుందో చూస్తే ఏ దారో చాలావరకు తెలిసిపోతుంది. రింగులు పోతే బండి లాగేటప్పుడు, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మీద ఉన్నప్పుడు పొగ ఆగకుండా వస్తూనే ఉంటుంది. వాల్వు సీళ్లు గట్టిపడిపోతే రాత్రంతా ఆయిల్ చుక్కచుక్కగా దిగి, పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని ఒకసారి వచ్చి ఆగిపోతుంది. ఇంకా, యాక్సిలేటర్ పూర్తిగా వదిలేసి గేరులో దిగుతున్నప్పుడు ఇంజిన్ లోపల పీల్పు బాగా పెరిగి ఆయిల్‌ని వాల్వు కాడ ఆడే గైడులోంచి లాగేసుకుంటుంది, కింద మళ్లీ యాక్సిలేటర్ ఇవ్వగానే ఆ పోగైన ఆయిల్ మండి పొగ వస్తుంది.

దీన్ని చూడటానికి మన ఘాట్ కంటే మంచి చోటు ఏముంటుంది? మా తమ్ముడిని ఇంకో బండి మీద వెనకాలే రమ్మన్నాను. ఎక్కేటప్పుడు పొగ దాదాపు లేదన్నాడు. తిరుగు దారిలో దిగి, చదునులో యాక్సిలేటర్ ఇవ్వగానే నీలంగా గుప్పుమందని చెప్పాడు. పొద్దున మా వీధిలోనూ అంతే, స్టార్ట్ చేసినప్పుడు కాసేపు కనిపించి పోతుంది. అంటే పొగకి కారణం రింగులు కాకపోవచ్చన్నమాట. కానీ పికప్ ఎందుకు పోయింది? సీళ్లు పోయినంత మాత్రాన బండి ఘాట్ ఎక్కనంత నీరసపడదు.

అప్పుడు పైసా ఖర్చు లేనివి ముందు చూసుకున్నాను. మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది, బ్రేకు పట్టేయడం లేదు. చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు, డ్రమ్ము బ్రేకు బిగుసుకుని బండి లాగకపోయినా నింద ఇంజిన్ మీదే పడుతుంది. తర్వాత క్లచ్. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 40 మీద పోతూ ఒక్కసారిగా ఫుల్ యాక్సిలేటర్ ఇస్తే, ఇంజిన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టు. నా బండికి మోత కూడా పెరగలేదు, అంటే ఇంజిన్‌లోనే బలం లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాను, దుమ్ము ఉంది కానీ మూసుకుపోయినంత కాదు. ఆయిల్ లెవెల్ కొంచెం తగ్గింది, అంతే. ప్లగ్గులు రెండూ తీసి చూశాను. ఎడమ వైపుది మట్టి రంగులో బాగానే ఉంది, కుడి వైపుది కొంచెం ఆయిల్ తడితో నల్లగా ఉంది. రెండు ప్లగ్గుల బండ్లు ఉన్నవాళ్లు రెండోది కూడా తప్పకుండా తీయించి చూడండి, చెయ్యి సులువుగా ఆడదని కొందరు దాని జోలికే పోరు. నా దానికి రెండింటిలోనూ కరెంటు బాగానే వస్తోంది.

ఇక మిగిలింది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి. దీనికి గేజు కావాలి. అల్మాస్‌పేట వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ భాయ్ అనే పిలుస్తారు, ఆయన దగ్గర ఆ గేజు ఉందని తెలిసి పోయాను. విషయమంతా విని, "బోరు పోయిందని కొలిచి చెప్పినారా, ఊరికే చెప్పినారా?" అని అడిగాడు. ఊరికేనే అన్నాను. "అయితే మనం కొలుస్తాం రా సామీ" అన్నాడు.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చూశాడు. ఎడమ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో గేజు బిగించాడు, తీసిన ప్లగ్గుని క్యాపుతో సహా ఇంజిన్ బాడీకి ఆనించి పెట్టాడు, లేకపోతే కాయిల్ పాడయ్యే ప్రమాదం ఉందట. రెండో ప్లగ్గు దాని చోటే ఉంది. యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోమని నాకిచ్చి, ముల్లు పైకి పోవడం ఆగేదాకా కిక్కు కొట్టాడు. 95 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఆగింది. ఇలాంటి బండి ఆరోగ్యంగా ఉంటే 150 చుట్టుపక్కల చూపించాలి. కంపెనీని బట్టి లెక్క మారుతుంది కాబట్టి ఎవరి మాన్యువల్ వాళ్లు చూసుకోవాలి.

ఇక్కడితో ఆగితే మొదటి మెకానిక్ చెప్పిందే నిజమనిపిస్తుంది. భాయ్ ఆగలేదు. చిన్న స్పూనుడు ఇంజిన్ ఆయిల్ ఆ ప్లగ్గు రంధ్రంలో పోసి, ఆయిల్ లోపల అంతా పట్టేలా నెమ్మదిగా తిప్పి, మళ్లీ గేజు పెట్టి కొట్టాడు. ఇదే అసలు పరీక్ష. రింగులో, బోరో అరిగి గాలి కిందికి పోతూ ఉంటే, ఈ ఆయిల్ ఆ సందుని కాసేపు మూసేస్తుంది, ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది. వాల్వు దగ్గర గాలి పోతూ ఉంటే ఆయిల్ అక్కడ ఏమీ చేయలేదు కాబట్టి ముల్లు ఉన్నచోటే ఉంటుంది. నాకు 100 చూపించింది, అంతే! ఆ ముల్లు పెద్దగా కదలనందుకు నాకెంత ధైర్యం వచ్చిందో మాటల్లో చెప్పలేను.

ఇంకా గట్టిగా తేల్చుకుందామని పక్కనే ఉన్న పంక్చర్ షాపు గాలి పైపు తెచ్చాడు. పాత ప్లగ్గు లోపలి పింగాణీ పగలగొట్టి, ఆ ఇనుప గుల్లకి ట్యూబు వాల్వు అతికించిన పనిముట్టు ఒకటి ఆయన సొంతంగా లేత్ షాపులో చేయించుకున్నాడు. పిస్టన్‌ని పైకి, రెండు వాల్వులూ మూసుకునే చోటికి తెచ్చి, గాలికి పిస్టన్ కదలకుండా టాప్ గేరులో పెట్టి వెనక బ్రేకు నన్ను తొక్కి పట్టమని, గాలి కొద్దికొద్దిగా వదిలాడు. "సైలెన్సర్ కాడ చెవి పెట్టు" అన్నాడు. స్స్ మని స్పష్టంగా వినిపించింది. ఆయిల్ పోసే మూత తీసి విన్నాను, అక్కడ చప్పుడు దాదాపు లేదు. కార్బొరేటర్ వైపూ లేదు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్‌లో అయితే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు. ఇంతకంటే తేటగా ఏ యంత్రం చెప్తుంది?

మరుసటి రోజు ఇంజిన్ పూర్తిగా చల్లారాక టాపెట్లు, అంటే వాల్వులని నొక్కి తెరిచే భాగాలు, చూశాడు. ఎగ్జాస్ట్ టాపెట్‌కి అసలు సందే లేదు, ఫీలర్ గేజులో అన్నిటికంటే పలచటి రేకు కూడా దూరలేదు. వాల్వు దాని సీటులోకి (మూసుకున్నప్పుడు ఆనే చోటులోకి) అరిగి లోపలికి కూరుకుపోయే కొద్దీ ఆ సందు తగ్గిపోతుందట. టాపెట్ వదులైతే టకటకమని చప్పుడు చేసి చెప్తుంది, బిగుసుకుపోతే బండి మెత్తగా, చప్పుడు లేకుండా నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. సందు లేకపోతే వేడెక్కి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం వదిలేది సీటుకి ఆనుకున్నప్పుడే, ఆనుకోకపోతే దాని అంచు కాలిపోవడం మొదలవుతుంది. ఘాట్ ఎక్కాక బండి ఎందుకు స్టార్టయ్యేది కాదో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

టాపెట్ సరిచేసి మళ్లీ కొలిస్తే 120కి వచ్చింది. బాగుపడింది కానీ చాలదు, స్స్ మనే చప్పుడు తగ్గింది గానీ పోలేదు. కాబట్టి హెడ్డు విప్పాల్సిందే. ఇంజిన్ దించకుండానే హెడ్డు ఒక్కటే తీశాడు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు మీద చిన్న చిన్న గుంటలు కంటికే కనిపిస్తున్నాయి. బోరులో టార్చి వేసి చూపించాడు, కంపెనీ గీసిన అడ్డగీతలు ఇంకా ఉన్నాయి, గోరుతో గీస్తే ఎక్కడా తట్టలేదు, అంటే బోరు బాగానే ఉంది. కొత్త ఎగ్జాస్ట్ వాల్వు వేసి, పేస్టు పెట్టి సీటుకి సరిగ్గా ఆనేలా రుద్ది (లాపింగ్ చేసి), రెండు వాల్వులకీ సీళ్లు మార్చాడు. బిగించే ముందు హెడ్డు తిరగేసి వాల్వుల మీద పెట్రోలు పోసి కాసేపు వదిలేశాడు, పోర్టుల్లోకి చుక్క కూడా దిగలేదు. గ్యాస్కెట్లు, కొత్త ఆయిల్, కూలీ అన్నీ కలిపి 2,900 అయింది. కంప్రెషన్ 145 చూపించింది.

ఆయిల్ పోసి కొట్టినప్పుడు ముల్లు 95 నుంచి 130, 140కి లేచి ఉంటే నేను మారుమాట లేకుండా బోరు పని చేయించేవాణ్ణి. ఆయిల్ మూత దగ్గర గాలి బలంగా తన్నడం, ఎత్తులో నీలం పొగ ఆగకపోవడం, ఇవన్నీ కలిసి వస్తే అది రింగుల పనే. ఇంజిన్ అడుగు నుంచి దడదడమని బరువైన చప్పుడు వస్తుంటే మాత్రం ఈ పరీక్షలు చేస్తూ బండి తిప్పవద్దు, అది కనెక్టింగ్ రాడ్డో బేరింగో కావచ్చు, వెంటనే ఆపేయాలి. బోరు పని తప్పదంటే బ్లాకుని లేత్ షాపులో బోర్ గేజుతో కొలిపించి, ఆ లెక్క కాగితం మీద రాయించుకోండి. అరుగుదల తక్కువైతే 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్‌తో బోరింగ్ చేయిస్తే సరిపోవచ్చు, మొత్తం కిట్టు కొనాల్సిన పని ఉండదు. తీసిన పాత సామాన్లు కూడా అడిగి తెచ్చుకోండి.

హెడ్డు పని అయ్యాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ చల్లటి ఇంజిన్ మీద టాపెట్ చూపించుకోమని భాయ్ చెప్పాడు, కొత్త వాల్వు సీటులో కూర్చునే కొద్దీ సందు మారుతుందట. పోయి చూపించాను, కొంచెం బిగుసుకుంది, సరిచేసి పంపించాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.