స్టీరింగ్‌కు తోలు తొడుగు: సూది పట్టకముందే సగం పని

బండి పాత స్విఫ్ట్. ఇంజన్‌కు పేరు పెట్టడానికి లేదు, స్టీరింగ్ పైపొర మాత్రం పాడైంది. గడియారంలో పది అంకె ఉండే చోట, ఎడమచెయ్యి ఎప్పుడూ ఆనే దగ్గర, గరుకంతా అరిగిపోయి వేలికి జిగట తగులుతోంది. మా అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలబెట్టిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడీ, చేతి చెమటా, శానిటైజరూ కలిసి ఏళ్ళ తరబడి పనిచేస్తే పాలియురిథేన్ పొర మెత్తబడి లేచిపోతుంది.

దీని మీద ఇంతకుముందు లోపల రబ్బరు రింగు ఉండే తొడుగు కవరు ఉండేది. ఎండకు ఆ రబ్బరు సాగింది. సప్తగిరి సర్కిల్‌లో బండి తిప్పుతుంటే చక్రం ఒకపక్క, కవరు ఇంకోపక్క పోవడం తెలిసింది. ఆ రోజే పీకేశాను. స్టీరింగ్ మీద వేలెడంత జారేది కూడా ఉండకూడదు, అందులో వాదన లేదు. అందుకే ఈసారి కుట్టే రకం. కుట్టింది సరిగ్గా బిగిస్తే చక్రంలో భాగమైపోతుంది. సరిగ్గా బిగించకపోతే పాతదానికీ దీనికీ తేడా ఉండదు. ఈ పనంతా ఆ బిగువు గురించే.

కొలతలు

కొనేముందు రెండు కొలతలు తీసుకోవాలి. ఒకటి చక్రం బయటి అంచు నుంచి బయటి అంచుకు అడ్డంగా. నాది 37 సెంటీమీటర్లు. రెండోది పిడి లావు, అంటే చేత్తో పట్టుకునే గుండ్రటి అంచు లావు: టైలర్ టేపును పిడి చుట్టూ చుట్టి చూస్తే 9.5 సెంటీమీటర్లు. అమ్మేవాళ్ళు చాలామంది మొదటి కొలతే అడుగుతారు. రెండోది అడగరు, కానీ అసలు తిప్పలన్నీ అక్కడే. తోలు పట్టీ వెడల్పు పిడి చుట్టుకొలత కంటే కొంచెం తక్కువ ఉండాలి. తొడిగి చూసినప్పుడు లోపలివైపు రెండు అంచుల మధ్య 3 నుంచి 6 మిల్లీమీటర్ల సందు కనబడితే సరిపోయినట్టు. కుట్టకముందే అంచులు కలిసిపోతే అది వదులు, ఎంత కుట్టినా తిరుగుతుంది. సందు సెంటీమీటరు దాటితే దారం తెగడమో అంచు చిరగడమో ఖాయం.

పిడి వెనకాల వేళ్ళకు గుంటలు ఉన్న స్టీరింగైతే టేపు ఆ గుంటల్లోకి దిగేలా నొక్కి కొలవండి. బొటనవేళ్ళు ఆనే ఉబ్బుల దగ్గర విడిగా కొలవండి. నా చక్రం ఉబ్బుల దగ్గర 10 సెంటీమీటర్లు దాటింది, తోలు అక్కడ ఎక్కువ సాగాలి.

నేను తీసుకున్నది 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న అసలు తోలు, చేతులు పట్టే రెండు పక్కలా సన్నటి రంధ్రాలు వేసింది. ఇంతకంటే మందం తీసుకుంటే పిడి లావెక్కి చిన్న చేతులవాళ్ళకు పట్టు దొరకదు. మా ఇంట్లో ఆమె కూడా ఇదే బండి నడుపుతుంది కాబట్టి ఆ లెక్క కూడా చూసుకోవాల్సి వచ్చింది.

ఆఫీసులో ఒకాయన, "కొనడమెందుకప్పా, మన నిమ్మలకుంటలో మంచి తోలు దొరుకుతుంది గదా" అన్నాడు. తోలుబొమ్మల ఊరు, 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారి ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మనసులో అది మాదే. ఆ తోలు మీద నాకు ఎంత గౌరవమున్నా ఈ పనికి అది పనికిరాదు. బొమ్మలకు వాడేది ఎక్కువగా మేకతోలు. వెంట్రుకలు తీసి, గీకి పలచన చేసి, వెలుతురు అవతలికి కనబడేలా ఆరబెడతారు. ఆరాక బిర్రుగా నిలబడుతుంది, బొమ్మకు కావలసింది అదే. స్టీరింగ్‌కు కావలసింది క్రోమియం ఉప్పులతో పదునుచేసిన మెత్తటి తోలు. అది సాగుతుంది, వంగుతుంది, వేడికి ముడుచుకోదు.

దారం

పెట్టెలో సూదులు రెండు, దారపు ఉండ ఒకటి వచ్చాయి. ఆ దారం చూస్తేనే నూలులా అనిపించింది. టవర్ క్లాక్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను. గోళ్ళ మధ్య పట్టి ఒకసారి మెలిపెట్టి చూశాడు.

"ఇది చెమటకు కుళ్ళిపోతుంది సామీ. పాలిస్టర్ దారం తీసుకో. నైలాన్ కూడా వద్దు, సాగుతుంది."

తన దగ్గరున్న 0.8 మిల్లీమీటర్ల నల్ల పాలిస్టర్ దారం తీసి, తేనెమైనం ముద్ద మీద బొటనవేలితో ఒత్తిపెట్టి సర్రున లాగాడు. మళ్ళీ వేళ్ళ మధ్య గట్టిగా పట్టి ఇంకోసారి లాగాడు. ఆ రాపిడి వేడికి మైనం కరిగి దారంలోకి ఇంకింది. అంతకుముందు పీచులేస్తున్న దారం నున్నటి తీగలా మారింది. మైనం పట్టిన దారం కుట్టులో వెనక్కి జారదు, బిగించిన చోట బిగించినట్టే నిలుస్తుంది. తొడుగు కుట్టడానికి ఇంతకంటే పనికొచ్చే సంగతి ఇంకెక్కడా వినలేదు.

"ఎంత పొడుగు తీసుకోవల్ల?" అనడిగితే, "బారన్నరకు మించొద్దు. ఎక్కువైతే చిక్కు పడుతుంది, తోలు రాపిడికి దారం కూడా నలుగుతుంది" అన్నాడు. పై అర్ధచంద్రానికి బారన్నర, కింద రెండు ముక్కలకు తలా ఒక బార కత్తిరించి ఇచ్చాడు. తర్వాత చూస్తే ఆ కొలత అచ్చంగా సరిపోయింది.

తొడగడం

ముందు శుభ్రం చేయాలి. వెచ్చటి నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ. జిడ్డు బాగా పట్టిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్. లేచిన పొరను 400 నంబరు నీటికాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, నున్నగా చేశాను, లేకపోతే ఆ గరుకు తోలు మీదికి కనబడుతుంది. డాష్‌బోర్డు మెరవడానికి కొట్టే సిలికాన్ స్ప్రే అటువైపు కూడా రానివ్వొద్దు. దాని పొర ఉంటే తోలు పట్టదు.

ఎయిర్‌బ్యాగ్ గురించి ఒక్క మాట. అది మధ్యలో హారన్ మూత కింద ఉంటుంది. స్టీరింగ్ విప్పకుండా కుట్టేటప్పుడు దాన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు, ముట్టుకోకండి. తొడుగు చక్రం అంచు మీద మాత్రమే. మధ్య మూత మీద గుడ్డగానీ స్టిక్కర్‌గానీ అంటించకూడదు.

తొడుగును కాసేపు ఎండలో పరిచాను. చలి ఊళ్ళవాళ్ళు హెయిర్ డ్రైయర్ వాడతారు, మనకు మిద్దె చాలు. వెచ్చబడిన తోలు బాగా సాగుతుంది. బండి మాత్రం నీడలో ఉండాలి, లేకపోతే కూర్చోలేం. సీటు పూర్తిగా వెనక్కి, స్టీరింగ్ కిందికి దించి, చక్రాలు తిన్నగా పెట్టి తాళంచెవి బయటికి లాగేయాలి. అప్పుడు స్టీరింగ్ లాక్ అయ్యి కదలదు.

తొడుగుకు ఒకచోట అడ్డంగా అతుకు ఉంటుంది. దాన్ని కింది స్పోక్ (మధ్య మూత నుంచి చక్రం అంచుకు వచ్చే కమ్మి) దగ్గరికి తెచ్చాను, చెయ్యి పడని చోటు. పైనుంచి తొడుగుతూ కిందికి లాగాలి. చివరి జానెడు ఒక్కడి వల్ల కాదు. మా బామ్మర్ది రెండో పక్క పట్టుకున్నాడు. "బావా, చినుగుతుందేమో" అని వాడి భయం. తొడుగును అంచు పట్టి లాగితే చినుగుతుంది, అరచేయి మొత్తం ఆనించి లాగితే చినగదు. తోలు పూర్తిగా ఎక్కాక స్పోక్ కోతలు స్పోక్‌ల మీదికి సరిగ్గా వచ్చాయో లేదో చూసి, రాకపోతే అప్పుడే తిప్పుకోవాలి. కుట్టు మొదలయ్యాక తిప్పడం కుదరదు.

ఇక్కడ తొందరపడొద్దు. ముందు అంచుకూ వెనక అంచుకూ వేసి ఉన్న మెషీన్ కుట్లను లెక్కపెట్టాను. పై అర్ధచంద్రంలో ముందు 74, వెనక 74. నడిమధ్య కుట్టు దగ్గర రెండు పక్కలా టైలర్ చాక్‌పీస్‌తో గీత పెట్టాను. ఆ రెండు గీతలూ ఎదురెదురుగా ఉంటే తోలు మెలిక లేకుండా కూర్చున్నట్టు. తర్వాత పైన, ఎడమ, కుడి మూడు చోట్ల పాత దారంతో తాత్కాలిక కట్లు కట్టి, మధ్యలో బట్టల క్లిప్పులు పెట్టాను. రాత్రంతా అలాగే వదిలేస్తే తోలు చక్రం ఆకారం పట్టింది, పొద్దునకు సందు కూడా కొంచెం తగ్గింది.

కుట్టు

సూది తోలులోకి గుచ్చకూడదు. మెషీన్ కుట్టు దారానికీ తోలుకూ మధ్య దూరాలి. అందుకే మొన మొండిగా ఉండే సూదే మేలు. తోలుకు కొత్త రంధ్రం పడితే బిగించినప్పుడు అక్కడి నుంచే చీలుతుంది.

దారం రెండు కొసలకూ ఒక్కో సూది. ఎడమ స్పోక్ పక్కన మొదటి కుట్లు రెండింటి కిందినుంచి దారం లాగి, రెండు కొసలు సమానం చేసుకోవాలి. ఇక ఎడమ సూది కుడి అంచుకు, కుడి సూది ఎడమ అంచుకు, ఇదే కత్తెర కుట్టు. ప్రతిసారీ ఒకే దారం పైన పడాలి. నేను ఎడమదాన్ని పైన ఉంచాను. ఒక్కచోట మారినా జడలో పాయ తప్పినట్టు కంటికి కొడుతుంది.

ఒక్కో కుట్టుకూ దారం లాగి బిగించబోతే పెద్దాయన మాట గుర్తొచ్చింది: "దారం రావడం కాదు, తోలు రావల్ల." అంటే ఎడమచేతి బొటనవేలితో ముందు అంచును, చూపుడువేలితో వెనక అంచును ఒకదానివైపు ఒకటి నొక్కి సందు మూయాలి, దారం ఆ మూసినదాన్ని పట్టుకోవడానికి మాత్రమే. అలా చేస్తే దారం వేలికి కోసుకోదు, మెషీన్ కుట్టు సాగదు. నాలుగు కుట్లు వదులుగా వేసి, మొదటి కుట్టు నుంచి వరసగా బిగించుకుంటూ రావడం బాగా కుదిరింది. బిగించడానికి క్రోషా సూది కొక్కెం వాడాను. ఎక్కడా తోలు మడత పడకూడదు, రెండు అంచులూ ముట్టుకుని ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. ప్రతి పది కుట్లకూ చాక్ గీతలు చూసుకున్నాను.

స్పోక్ దగ్గర ఎదురంచు ఉండదు, తోలు స్పోక్ మీద కూర్చుంటుంది. అక్కడ అడ్డం దాటించకుండా, ముందు సూది ముందు అంచు కుట్ల వెంట, వెనక సూది వెనక అంచు కుట్ల వెంట నడపాలి. స్పోక్ దాటాక మళ్ళీ కత్తెర కుట్టు. అంచును స్పోక్ ప్లాస్టిక్ సందులోకి తోయడానికి గడువు తీరిన ఏటీఎం కార్డు సరిగ్గా పనికొచ్చింది. స్పోక్ కింద మాత్రం సన్నటి డబుల్ సైడ్ టేపు ముక్క పెట్టాను. చక్రం అంతా టేపు వేయమని కొందరంటారు. నేను వేయలేదు, అవసరమూ లేదు. మన ఎండకు ఆ బంక కరిగి కుట్లలోంచి బయటికొస్తుంది.

చివర మూడు ముడులు, కొసలు సూదితో తోలు కిందికి, మిగిలింది సెంటీమీటరులో పావు వదిలి కత్తిరించి లైటర్ సెగ చూపిస్తే పాలిస్టర్ కరిగి గుండులా మారుతుంది. మంట తోలుకు తగలకుండా మధ్యలో స్టీలు చెంచా అడ్డం పెట్టండి.

సరిచూసుకోవడం

బయటికి తీసేముందు రెండు చేతులతో తొడుగును పట్టి, చక్రం లాక్‌లో ఉండగానే, మెలిపెట్టి చూశాను. వెంట్రుకవాసి కదల్లేదు. ఇంజన్ వేసి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఎక్కడా తగలడం లేదని, హారన్ ఎప్పటిలాగే నొక్కుకుంటోందని, ఇండికేటర్ పుల్ల తనంతట తాను వెనక్కి వస్తోందని చూసుకున్నాను. పిడి చుట్టుకొలత 10 సెంటీమీటర్లు దాటింది. ఇంట్లో ఆమె రాప్తాడు దాకా నడిపి వచ్చి "ఇప్పుడు పట్టు బాగుంది" అంది.

ఒక ఎండాకాలం గడిచింది. రెండు చోట్ల కుట్టు పరిశీలించాను, కుడి స్పోక్ పక్కన రెండు కుట్లు కాస్త సడలాయి. కొక్కెంతో వదులును కొస దాకా తెచ్చి మళ్ళీ ముడి వేశాను. ఎండలో బండి నిలిపితే అద్దానికి అడ్డం, స్టీరింగ్ మీద తెల్ల తువ్వాలు. తుడవడానికి తడి పిండిన గుడ్డ, అంతే. శానిటైజర్ రాసుకుంటే చేతులు ఆరాకే పట్టుకుంటాను, ఆల్కహాల్ తోలును ఎండగడుతుంది. కొబ్బరినూనె రాయొద్దు, జారుతుంది, దుమ్ము పడుతుంది. తోలు కండిషనర్ పలచగా రాసి, పొడి గుడ్డతో గట్టిగా తుడిచేస్తున్నాను.

తర్వాతి పని గేర్ లివర్ తొడుగు. దానికి అంచు కుట్లు ముందే వేసి రావు, నాలుగు ముక్కలు లోపలివైపు కుట్టి తిప్పాలి, కాబట్టి తోలుకు రంధ్రాలు వేసే ఆరెతోనే పని. పాత రెగ్జిన్ తొడుగు విప్పి, కుట్లు ఊడదీసి, ఆ ముక్కలను అట్ట మీద గీసుకున్నాను. గీత చుట్టూ కుట్టుకు 6 మిల్లీమీటర్లు వదిలాను. తోలు ముక్క పెద్దాయన చూస్తానన్నాడు.